శ్రీకాకుళం నుంచి డాలస్‌కు: విమాన దూరం, ప్రయాణ సమయం మనమే లెక్కగట్టుకోవడం ఎలా

ఉద్దానం ఊళ్ల నుంచి సింగపూర్‌కూ, మలేసియాకూ, గల్ఫ్ దేశాలకూ వెల్డింగు, ఫిట్టింగు పనుల మీద వెళ్లేవారు ఉన్నారు. రాజాం, బొబ్బిలి, విజయనగరం వైపు నుంచి అమెరికాలో ఉన్న పిల్లలను చూడడానికి వెళ్లే తల్లిదండ్రులూ ఉన్నారు. బయలుదేరే ముందు వీరందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఎంత దూరం, ఎన్ని గంటలు? డాలస్ విషయంలో ఈ ప్రశ్నకు ఒకరు పద్నాలుగు వేల కిలోమీటర్లని, మరొకరు పదహారు వేలని చెబుతారు. టికెట్టు చూసినవారికి పన్నెండు గంటల ప్రయాణంలా కనిపిస్తుంది, వెళ్లివచ్చినవారు మాత్రం రోజున్నర పట్టిందంటారు. వీరిలో ఎవరూ తప్పు చెప్పడం లేదు. ఒకరు భూగోళం మీద అతి తక్కువ దూరాన్ని, ఒకరు విమానాలు మారుతూ వెళ్లే దూరాన్ని, ఒకరు రెండు గడియారాల మధ్య తేడాను, ఇంకొకరు ఇంటి గడప నుంచి ఇంటి గడప దాకా పట్టిన సమయాన్ని చెబుతున్నారు. ఈ నాలుగింటినీ విడివిడిగా లెక్కగట్టే పద్ధతి కింద వివరించాను. ఉదాహరణగా ఎక్కువ భాగం విశాఖపట్నం, డాలస్ విమానాశ్రయాలనే తీసుకున్నాను. అందుకు కారణం లెక్క దగ్గరికి వచ్చినప్పుడు తెలుస్తుంది.

భూగోళం మీద అతి తక్కువ దూరం

గోడకు తగిలించే ప్రపంచ పటం మీద స్కేలు పెట్టి గీసిన గీత అసలు దూరాన్ని చూపదు. గుండ్రని భూమిని బల్లపరుపు కాగితం మీదకు తెచ్చేటప్పుడు ఉత్తరాన ఉన్న ప్రాంతాలు సాగిపోతాయి కాబట్టి, ఆ పటంలో అమెరికా మనకు పడమరగా, యూరప్ దాటి, అట్లాంటిక్ అవతల ఉన్నట్టు కనిపిస్తుంది. పాఠశాలలో ఉండే గ్లోబు తీసుకుని, విశాఖ దగ్గర దారం ఒక కొస పట్టుకుని, రెండో కొసను డాలస్ మీద పెట్టి బిగించి లాగితే ఆ దారం ఎటు జరుగుతుందో చూడండి. అది పడమరకు పోదు, తిన్నగా ఉత్తరానికి ఎక్కి, ఉత్తర ధ్రువాన్ని దాదాపు తాకుతూ అవతలి వైపు దిగుతుంది. అలా బిగిసిన దారం చూపేదే రెండు విమానాశ్రయాల మధ్య అతి తక్కువ దూరం.

ఇప్పుడు అంకెలు. ప్రతి విమానాశ్రయానికీ అక్షాంశం, రేఖాంశం ఉంటాయి. ఫోన్‌లోని మ్యాపులో ఆ చోటును కాసేపు నొక్కి పట్టుకుంటే రెండూ కనిపిస్తాయి. విశాఖపట్నం విమానాశ్రయం 17.72 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83.22 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం 32.90 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 97.04 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉంది. రెండు రేఖాంశాలనూ కూడితే 180.26 వస్తుంది, అంటే ఈ రెండు చోట్లు ధ్రువానికి ఇటొకటి, అటొకటిగా దాదాపు ఎదురెదురుగా ఉన్నాయి. మన జిల్లాల వారికి ఇది కలిసివచ్చిన సంగతి, ఎందుకంటే ఇలాంటి జతకు త్రికోణమితి అక్కరలేదు, కూడికలు, తీసివేతలు చాలు. విశాఖ నుంచి ధ్రువానికి 90 నుంచి 17.72 తీసేస్తే 72.28 డిగ్రీలు, ధ్రువం నుంచి డాలస్‌కు 90 నుంచి 32.90 తీసేస్తే 57.10 డిగ్రీలు, మొత్తం 129.38 డిగ్రీలు. భూమి మీద ఒక డిగ్రీ అంటే సుమారు 111.2 కిలోమీటర్లు. గుణిస్తే 14,387 కిలోమీటర్లు వస్తుంది. భూమి ధ్రువాల దగ్గర కొద్దిగా అణిగి ఉండడం వల్ల ఈ లెక్కలో వచ్చే తేడా అర శాతానికి మించదు.

వైమానికులు దూరాన్ని నాటికల్ మైళ్లలో చెబుతారు. అక్షాంశంలో ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఒక నాటికల్ మైలు అన్నది దాని పుట్టుక. ఇప్పుడు దాని విలువను సరిగ్గా 1.852 కిలోమీటర్లుగా స్థిరపరిచారు. ఎక్కడైనా దూరం నాటికల్ మైళ్లలో కనిపిస్తే 1.852తో గుణించండి, మామూలు మైళ్లయితే 1.609తో గుణించండి. ఈ రెండింటినీ కలగాపులగం చేయడం వల్లే ఒకే మార్గానికి రెండు మూడు రకాల అంకెలు ప్రచారంలోకి వస్తాయి.

ఎదురెదురుగా లేని జంటకు ఫోన్‌లోని సైంటిఫిక్ కాలిక్యులేటర్ కావాలి. సింగపూర్ విమానాశ్రయం 1.36 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 103.99 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. మొదట రెండు అక్షాంశాల సైన్ విలువలను గుణించాలి: 0.3044ను 0.0237తో గుణిస్తే 0.0072. తరువాత రెండు అక్షాంశాల కొసైన్ విలువలనూ, రేఖాంశాల తేడా అయిన 20.77 డిగ్రీల కొసైన్‌నూ కలిపి గుణించాలి: 0.9526, 0.9997, 0.9350 గుణిస్తే 0.8904. రెండు ఫలితాలనూ కూడితే 0.8976. ఏ కోణానికి కొసైన్ ఇంత అవుతుందో కాలిక్యులేటర్‌ను అడిగితే 26.15 డిగ్రీలు చూపుతుంది. దాన్ని 111.2తో గుణిస్తే 2,908 కిలోమీటర్లు. కాలిక్యులేటర్ డిగ్రీల్లో లెక్కిస్తున్నదో రేడియన్లలో లెక్కిస్తున్నదో ముందే చూసుకోవాలి, లేకపోతే జవాబు అర్థం లేకుండా వస్తుంది.

ఇంత శ్రమ వద్దనుకునేవారికి గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే వెబ్‌సైట్ ఉంది. అందులో రెండు విమానాశ్రయాల మూడక్షరాల గుర్తులను, ఉదాహరణకు విశాఖకు వీటీజెడ్, డాలస్‌కు డీఎఫ్‌డబ్ల్యూ, మధ్యలో అడ్డగీత పెట్టి ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేస్తే దూరంతో పాటు దారి కూడా పటం మీద కనిపిస్తుంది. అయినా ఒక్కసారి చేత్తో లెక్క వేసి చూడడం మంచిదని నా అభిప్రాయం. అప్పుడే వెబ్‌సైట్ చూపిన అంకె దేనికి సంబంధించినదో నిశ్చయంగా తెలుస్తుంది.

విమానం నిజంగా ఎగిరే దూరం

పై లెక్క ప్రకారం విశాఖ నుంచి డాలస్‌కు 14,387 కిలోమీటర్లు. సింగపూర్, న్యూయార్క్‌ల మధ్య 15,300 కిలోమీటర్లకు పైబడిన దూరాన్ని ఎయిర్‌బస్ ఏ350లో ఒక ప్రత్యేక రకం మధ్యలో ఎక్కడా ఆగకుండా దాటుతున్నది కాబట్టి, ఇంత దూరం ఎగరగల విమానం లేక కాదు. అలాంటి సర్వీసును రోజూ నింపేటంత మంది ప్రయాణికులు ఒక్క విశాఖ నుంచి దొరకరు. అందుకే మనవారు హైదరాబాదుకో, ఢిల్లీకో వెళ్లి, అక్కడి నుంచి దోహా, దుబాయ్ వంటి చోట్ల మారి వెళతారు. అప్పుడు దూరాన్ని ఒక్కో అంచెకు వేరుగా లెక్కగట్టి కూడాలి. విశాఖ నుంచి హైదరాబాదుకు సుమారు 510, హైదరాబాదు నుంచి దోహాకు 2,910, దోహా నుంచి డాలస్‌కు 12,745, మొత్తం 16,165 కిలోమీటర్లు. పద్నాలుగు వేలు, పదహారు వేలు అన్న రెండు అంకెల మధ్య తేడా ఇదే. పడమరకు మళ్లి, ఆ తరువాత ఉత్తరానికి ఎక్కడం వల్ల దాదాపు 1,780 కిలోమీటర్లు పెరిగాయి.

ఒక్కో అంచెలో కూడా విమానం దారం గీసిన గీత మీదుగానే పోదు. గాలులు, తుపానులు, ఏ దేశం తన గగనతలాన్ని ఎవరికి మూసింది అన్నవి దారిని మారుస్తాయి. 2022లో రష్యా గగనతలం యూరప్, అమెరికా సంస్థల విమానాలకు మూతపడింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసివేసినప్పుడు ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే ఎయిర్ ఇండియా విమానాలు చుట్టుదారి పట్టాయి, కొన్ని ఇంధనం కోసం వియన్నాలో దిగవలసి వచ్చింది. గ్లోబు మీది అతి తక్కువ దూరం మారకపోయినా దారి మారింది, గంటలు పెరిగాయి. కనుక పాత అనుభవంతో ఎవరైనా చెప్పిన సమయాన్ని ఈ నెల ప్రయాణానికి అలాగే వర్తింపజేయకూడదు.

గాలిలో ఎన్ని గంటలు

దూరం తెలిశాక గంటలు తేల్చడానికి ఒక మోటు పద్ధతి ఉంది. దేశీయ మార్గాల్లో తిరిగే ఎయిర్‌బస్ ఏ320 వంటి విమానాలకు గంటకు 830, ఖండాలు దాటే బోయింగ్ 777, 787, ఎయిర్‌బస్ ఏ350 వంటి వాటికి గంటకు 900 కిలోమీటర్ల వేగం పెట్టుకుని దూరాన్ని భాగించాలి. నేల మీద దొర్లడానికి, పైకెక్కడానికి, దిగడానికి అరగంట నుంచి ముప్పావుగంట కలపాలి. సింగపూర్‌కు 2,908ని 830తో భాగిస్తే మూడున్నర గంటలు, అరగంట కలిపితే నాలుగు గంటలు. వాస్తవంలోనూ దాదాపు అంతే పడుతుంది. విశాఖ నుంచి హైదరాబాదుకు గాలిలో సమంగా ఎగిరే సమయం అరగంటకు కాస్త ఎక్కువే అయినా, షెడ్యూలులో గంటా ఇరవై నిమిషాల దాకా చూపుతారు. దగ్గరి ప్రయాణంలో నేల మీది పనే సగం.

దూరపు ప్రయాణాల్లో ఈ మోటు లెక్క తప్పుతుంది, అందుకు గాలి కారణం. భూమికి తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, సరిగ్గా విమానాలు ఎగిరే పొరలో, పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీములనే బలమైన గాలులు వీస్తాయి. వాటి వేగం గంటకు నూట యాభై కిలోమీటర్లు దాటడం మామూలే, శీతాకాలంలో ఇంకా పెరుగుతుంది. దోహా నుంచి డాలస్‌కు 12,745ని 900తో భాగించి ముప్పావుగంట కలిపితే పదిహేను గంటలకు లోపే వస్తుంది. కాని ఎదురుగాలి వల్ల వెళ్లేటప్పుడు దాదాపు పదహారు గంటలు, గాలి వెన్నుదన్నుగా ఉండే తిరుగు ప్రయాణంలో పద్నాలుగున్నర గంటలు పడుతుంది. పడమరకు వెళ్లే దూరపు విమానానికి మోటు లెక్క మీద గంటో, గంటంబావో అదనంగా వేసుకుంటే ఇబ్బంది ఉండదు.

గాలి ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఎయిర్ ఇండియా ఉదంతం ఒకటి చాలు. ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం మొదట్లో అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు ఎగిరేది. 2016 అక్టోబరులో దాన్ని తూర్పుకు తిప్పి, పసిఫిక్ మీదుగా 15,300 కిలోమీటర్లు నడిపారు. దూరం పద్నాలుగు వందల కిలోమీటర్లు పెరిగినా, గాలి తోడు రావడంతో పద్నాలుగున్నర గంటల్లోనే చేరింది, అంటే పాత దారి కంటే రెండు గంటల దాకా తగ్గింది. అదే సంస్థ 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు నేరు సర్వీసు మొదలుపెట్టినప్పుడు, కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో మహిళా పైలట్లే ఆ తొలి విమానాన్ని ఉత్తర ధ్రువం మీదుగా నడిపించారు. మన గ్లోబు మీది దారం చూపిన దారి వంటిదే అది.

లెక్కలన్నిటి కంటే నమ్మదగిన ఆధారం మరొకటి ఉంది. టికెట్టు మీది విమానం నంబరును ఫ్లైట్‌రాడార్24లో గాని, ఫ్లైట్‌అవేర్‌లో గాని వెతికితే గత వారం రోజుల్లో ఆ విమానం ఏ రోజు ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది, గాలిలో ఎంతసేపు ఉంది అన్నవి కనిపిస్తాయి. టికెట్టు కొనే ముందే ఇది చూసుకోవాలని నా సలహా, ముఖ్యంగా మధ్యలో మారే సమయం తక్కువగా ఉన్నప్పుడు.

గడియారం చేసే మాయ

టికెట్టు మీద ముద్రించిన ప్రతి సమయమూ ఆ చోటి స్థానిక సమయమే, దీనికి మినహాయింపు లేదు. కాబట్టి బయలుదేరే సమయాన్ని చేరే సమయంలోంచి తీసేస్తే వచ్చేది ప్రయాణ సమయం కాదు. రెండింటినీ ఒకే గడియారంలోకి మార్చిన తరువాతే తీసివేయాలి. మనకు భారత కాలమే సులువు. ఖతార్ మనకంటే రెండున్నర గంటలు వెనుక, సింగపూర్ రెండున్నర గంటలు ముందు. డాలస్ వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనుక. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలను ఒక గంట ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. మన దేశంలో గాని, గల్ఫ్‌లో గాని, సింగపూర్‌లో గాని ఆ పద్ధతి లేదు.

మన గడియారానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం, అది కాకినాడ దగ్గరగా పోతుంది. శ్రీకాకుళం దానికి కాస్త తూర్పున ఉంది కాబట్టి, ఏడాది సగటున చూస్తే అరసవల్లి సూర్యుడు మన చేతి గడియారం కంటే ఐదారు నిమిషాలు ముందుంటాడు. విమానాల లెక్కకు దీనితో పని లేదు గాని, రేఖాంశం ఒక డిగ్రీ జరిగితే కాలం నాలుగు నిమిషాలు జరుగుతుందన్న సూత్రం ఇక్కడ తేటగా కనిపిస్తుంది.

ఒక ఊహా టికెట్టు తీసుకుందాం. జూన్‌లో ఒక బుధవారం హైదరాబాదులో తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరి, దోహాలో ఉదయం 6కు దిగి, 8కి మరో విమానమెక్కి, డాలస్‌లో అదే బుధవారం సాయంత్రం 4 గంటలకు దిగాలి. పైపైన చూస్తే పన్నెండు గంటలే. డాలస్ సాయంత్రం 4ను భారత కాలంలోకి మార్చడానికి పదిన్నర గంటలు కలిపితే అది మనకు గురువారం వేకువ 2:30 అవుతుంది. బుధవారం 4 నుంచి గురువారం 2:30 వరకు ఇరవై రెండున్నర గంటలు. సరిచూసుకోవాలంటే ముక్కలు కూడండి: దోహాకు నాలుగున్నర, ఆగినది రెండు, డాలస్‌కు పదహారు. రెండు దారుల్లోనూ ఒకే జవాబు వస్తే లెక్క సరైనదే. సింగపూర్‌కు ఇదే తలకిందులుగా జరుగుతుంది. విశాఖలో రాత్రి 11కు ఎక్కి, ఉదయం 5:30కు దిగితే ఆరున్నర గంటలుగా కనిపిస్తుంది, రెండున్నర తీసేస్తే అసలు సమయం నాలుగు గంటలే.

చేరే సమయం పక్కన ‘+1’ అని ఉంటే మరుసటి రోజు తేదీ అని అర్థం. దానికంటే ఎక్కువ మందిని ఇబ్బంది పెట్టేది అర్ధరాత్రి దాటిన విమానం. బుధవారం తెల్లవారుజామున 4 గంటల విమానానికి మంగళవారం మధ్యాహ్నమే ఇల్లు కదలాలి. బుధవారం రాత్రి అనుకుని కూర్చుంటే విమానం వెళ్లి ఇరవై గంటలవుతుంది. టికెట్టు రాగానే క్యాలెండరులో ఇల్లు కదిలే రోజును గుర్తు పెట్టుకోవాలి గాని, విమానం కదిలే రోజును కాదు.

ఇంటి నుంచి ఇంటికి

విమానసంస్థ చూపే మొత్తం సమయంలో ఒకే టికెట్టు మీద ఉన్న అంచెలు, మధ్యలో ఆగే సమయం మాత్రమే ఉంటాయి. విశాఖ–హైదరాబాదు టికెట్టు విడిగా కొన్నవారికి ఆ ముక్క లెక్కలోకే రాదు. రోడ్డు, నిరీక్షణ, ఇమ్మిగ్రేషన్ వరుస ఎవరి టికెట్టులోనూ ఉండవు. వీటిని మనమే కలపాలి.

పై ఊహా టికెట్టునే శ్రీకాకుళం పట్టణం నుంచి లెక్కిద్దాం. హైదరాబాదులో బుధవారం వేకువ 4 గంటల విమానం అందుకోవడానికి మంగళవారం రాత్రి 8:30కు విశాఖలో ఎక్కి 9:50కి హైదరాబాదు చేరవచ్చు. విశాఖ విమానాశ్రయంలో రెండు గంటల ముందు, అంటే 6:30కు ఉండాలి. జాతీయ రహదారి మీద నూట పది కిలోమీటర్ల పైచిలుకు దూరానికి, నగరంలోని రద్దీతో కలిపి మూడు గంటలు పెట్టుకుంటే మధ్యాహ్నం 3:30కు బయలుదేరాలి. పలాస, సోంపేట వారు మరో గంటన్నర, రెండు గంటలు ముందుకు జరపాలి. డాలస్‌లో దిగాక ఇమ్మిగ్రేషన్‌కు, సామానుకు గంటన్నర, పిల్లల ఇంటికి కారులో ముప్పావుగంట వేసుకుంటే అక్కడ సాయంత్రం 6:15 అవుతుంది, మనకు గురువారం వేకువ 4:45. మంగళవారం 3:30 నుంచి అప్పటికి ముప్పై ఏడుంబావు గంటలు. ఇందులో విమానాల్లో కూర్చున్నది ఇరవై రెండు గంటలకు కొంచెం తక్కువ. మధుమేహం, రక్తపోటు మందులు వేసుకునే పెద్దవారికి అవసరమైన అంకె ముప్పై ఏడే. కనీసం రెండు రోజులకు సరిపడా మందులు చేతి సంచిలో ఉంచుకోవాలి, గంటలు మారే చోట మోతాదు ఎప్పుడు వేసుకోవాలో ముందే వైద్యుణ్ణి అడిగి రాసిపెట్టుకోవాలి.

మధ్యలో ఆగే సమయం తక్కువగా ఉంటే మొత్తం గంటలు తగ్గుతాయి కాబట్టి అలాంటి టికెట్టు ఆకర్షణీయంగా కనిపిస్తుంది. మొదటిసారి వెళ్లే తల్లిదండ్రులకు నేనైతే మూడు గంటలకు తక్కువ ఉన్న మార్పిడిని ఎంచను. అన్ని అంచెలూ ఒకే టికెట్టు మీద ఉంటే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా మరో విమానంలో పంపే బాధ్యత సంస్థదే. విడివిడిగా కొంటే ఆ భారం మనదే కనుక, విశాఖ నుంచి వచ్చే విమానానికీ అంతర్జాతీయ విమానానికీ మధ్య ఐదారు గంటలు ఉంచడం దండగ కాదు.

భోగాపురం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. విశాఖలోని పాత విమానాశ్రయం నౌకాదళ స్థావరమైన ఐఎన్ఎస్ డేగలో భాగం, విజయనగరం జిల్లాలోని భోగాపురం విమానాశ్రయం కొత్తది. మీ విమానం ఈ రెండింటిలో ఎక్కడ నుంచి ఉందో టికెట్టులో చూసుకున్న తరువాతే రోడ్డు లెక్క వేయండి. డాలస్ దూరంలో దాని వల్ల తగ్గేది ముప్పై కిలోమీటర్ల లోపే, ఆకాశంలో అది రెండు నిమిషాల మాట. నేల మీద మాత్రం శ్రీకాకుళం వారికి నగరం చొరబడే పని తప్పి గంట, గంటన్నర మిగులుతుంది, విజయనగరం వారికి ముప్పావుగంటలో తేలిపోతుంది.

తిరుగు ప్రయాణానికి ఇదే పద్ధతి, కాకపోతే రోజులు వేగంగా కరిగిపోతాయి. డాలస్‌లో సోమవారం సాయంత్రం 6 అంటే మనకు మంగళవారం వేకువ 4:30. పద్నాలుగున్నర గంటలకు దోహా, మూడు గంటల విరామం, మరో నాలుగు గంటలకు హైదరాబాదు. అప్పటికి బుధవారం వేకువ 2 గంటలు. దేశంలో అడుగుపెట్టిన మొదటి విమానాశ్రయంలోనే ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ పూర్తి చేసి, సామాను తీసుకుని మళ్లీ అప్పగించాలి కాబట్టి ఉదయం 6 గంటల విమానం పట్టుకుంటే సరిపోతుంది, 7:20కి విశాఖ. సోమవారం ఎక్కినవారి కోసం కారు పంపవలసినది బుధవారం ఉదయానికి.